పాత కన్సోల్ గేమ్ మధ్యలో ఆగిపోతుంటే: లోపాన్ని పట్టుకుని సరిచేసే సమగ్ర మార్గదర్శి

పాత కన్సోల్‌లో గేమ్ బాగానే నడుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి బొమ్మ బిగుసుకుపోతుంది, ఒకే శబ్దం ఆగకుండా మోగుతుంది. లేదంటే తెర నల్లబడుతుంది, లేదంటే కన్సోల్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇలా జరగ్గానే చాలామంది స్క్రూడ్రైవర్ అందుకుంటారు, లేదా విన్న చిట్కాలన్నీ వరసపెట్టి ప్రయోగిస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది: ఆట ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, లేక ఎక్కడ పడితే అక్కడ ఆగుతోందా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే వెతకాల్సిన జాగా సగానికి సగం తగ్గిపోతుంది. ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే నడుస్తుంది.

మొదటి మెట్టు: ముట్టుకోకముందే రాసుకోండి

ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. ఆట ఆగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి. కన్సోల్ వేసి ఎంతసేపయింది, ఆటలో ఏ చోట ఉన్నారు, ఆ క్షణంలో ఏం జరుగుతోంది (కొత్త లెవల్ లోడ్ అవుతోందా, సేవ్ చేస్తున్నారా, వీడియో నడుస్తోందా), ఆగిన తీరు ఎలా ఉంది. మూడు నాలుగు సార్లు రాసేసరికి ఒక ఆకారం కనబడుతుంది.

ఎప్పుడూ అదే గది తలుపు దగ్గరో, అదే వీడియో మధ్యలోనో ఆగితే అనుమానించాల్సింది సమాచారాన్ని. డిస్క్ మీద ఆ భాగం గీసుకుపోయి ఉండొచ్చు, మీ సేవ్ ఫైల్ చెడిపోయి ఉండొచ్చు, లేదా ఆ గేమ్‌లోనే బగ్ ఉండొచ్చు. కన్సోల్ వేడెక్కితే అది మీరు ఏ గదిలో ఉన్నారో చూసి ఆగదు కదా.

ఎక్కడ పడితే అక్కడ, ఏ లెక్కా లేకుండా ఆగితే కరెంటు సరఫరా, కనెక్టర్ పిన్నులు, పాతబడిన కెపాసిటర్ల (బోర్డు మీద కరెంటును నిలకడగా ఉంచే చిన్న భాగాలు) వైపు చూడాలి. వేసిన అరగంటకో గంటకో ఆగుతూ, చల్లారాక మళ్లీ బాగా నడిస్తే అది వేడి. దీన్ని నిర్ధారించుకోవడం తేలిక: ఆగిన వెంటనే మళ్లీ వేయండి. మొదటిసారి నలభై నిమిషాలు నడిచింది రెండోసారి పది నిమిషాలకే ఆగితే ఇక సందేహం పెద్దగా అక్కర్లేదు. అసలు మొదలే కాకపోతే కాంటాక్టులు (గేమ్, కన్సోల్ ఒకదాన్నొకటి తాకే లోహపు పట్టీలు), లేదా కన్సోల్ వెతుకుతున్న ఏదో భాగం లేకపోవడం.

తర్వాత మార్చి చూసే పరీక్ష. అదే కన్సోల్‌లో ఇంకో గేమ్ పెట్టి ఆడండి. వీలైతే అదే గేమ్‌ను ఇంకో కన్సోల్‌లో పెట్టి చూడండి. మెమరీ కార్డ్ తీసేసి, కంట్రోలర్ మార్చి, అడాప్టర్ మార్చి చూడండి. గేమ్‌షార్క్, యాక్షన్ రీప్లే లాంటి చీట్ పరికరాలు తగిలించి ఉంటే ముందుగా అవి తీసేయండి. అవి నడుస్తున్న గేమ్ మెమరీలో నేరుగా అంకెలు మారుస్తాయి కాబట్టి ఆట కూలిపోవడం వాటితో మామూలే.

ఒక్క నియమం మాత్రం తప్పకండి: ఒకసారికి ఒకటే మార్పు. కాంటాక్టులు తుడిచి, అడాప్టర్ మార్చి, సేవ్ చెరిపేసి ఒకేసారి పరీక్షిస్తే ఆట బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. నెల తర్వాత మళ్లీ మొదటికొస్తారు.

రెండో మెట్టు: సేవ్ భద్రం చేసుకోండి

మరమ్మతు కంటే ముందు ఈ పని అయిపోవాలి. గేమ్ మళ్లీ కొనుక్కోవచ్చు, ఎన్నో ఏళ్ల కిందట ఆడి దాచుకున్న సేవ్ మళ్లీ రాదు.

ప్లేస్టేషన్ 1, 2లలో మెమరీ కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు కాపీ చేయండి. మొదటి ప్లేస్టేషన్ కార్డ్‌లో 15 బ్లాకులే ఉంటాయి, ప్లేస్టేషన్ 2 కార్డ్ 8 మెగాబైట్లు. డిస్క్ లేకుండా కన్సోల్ వేస్తే వచ్చే మెనూలోనే కాపీ చేసే వీలుంది. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లలో యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించవచ్చు, అయితే కొన్ని గేములు తమ సేవ్‌లను కాపీ చేయనివ్వవు.

కార్ట్రిడ్జ్ గేముల్లో, అంటే డిస్క్‌కు బదులు చిప్ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే గేముల్లో, సంగతి వేరు. చాలావాటిలో సేవ్ ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది, దాన్ని ఒక బటన్ సెల్ బతికిస్తూ ఉంటుంది. సెల్ తీస్తే సేవ్ పోతుంది. ముందుగా కార్ట్రిడ్జ్ రీడర్ పరికరంతో సేవ్‌ను కంప్యూటర్‌లోకి దించుకుంటే, సెల్ మార్చాక తిరిగి ఎక్కించుకోవచ్చు. సెగా సాటర్న్ అయితే కన్సోల్ లోపలి సేవ్‌లు కూడా సీఆర్2032 సెల్ మీదే ఆధారపడతాయి. వెనక చిన్న తలుపు తీస్తే అది చేతికే అందుతుంది.

ఒక అలవాటు కూడా చేసుకోండి. ఆగిపోయే గేమ్‌ను పరీక్షించేటప్పుడు పాత సేవ్ మీద తిరిగి సేవ్ చేయకండి, వేరే స్లాట్‌లో చేయండి. సేవ్ రాసే క్షణంలో ఆట ఆగితే ఆ ఫైల్ సగంలో తెగిపోతుంది.

మూడో మెట్టు: కార్ట్రిడ్జ్ కాంటాక్టులు

కార్ట్రిడ్జ్ గేములకు వచ్చే తిప్పలన్నింటిలో మొదటి ముద్దాయి ఇదే. ఎందుకో అర్థం కావాలంటే లోపల జరిగేది తెలియాలి. కార్ట్రిడ్జ్ పెట్టగానే గేమ్ అంతా కన్సోల్ మెమరీలోకి ఎక్కిపోదు. ప్రాసెసర్ ఆట నడిచినంతసేపూ కార్ట్రిడ్జ్‌లోని చిప్ నుంచే ఆదేశాలు చదువుకుంటూ పోతుంది. సెకనుకు లక్షల సార్లు జరిగే ఆ చదువులో ఒక్క పిన్ను సరిగ్గా అంటకపోయినా ఒక అంకె తప్పుగా వస్తుంది, ప్రాసెసర్ లేని చోటికి దూకుతుంది, ఆట బిగుసుకుపోతుంది. బొమ్మలు చిందరవందరగా కనబడితే బొమ్మల సమాచారం మోసే పిన్నుల్లో తేడా ఉండొచ్చు.

దీనికి మంచి సాక్ష్యం 1996లో సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌కు వచ్చిన సోనిక్ 3డీ బ్లాస్ట్ గేమ్. ఆట నడుస్తుండగా కార్ట్రిడ్జ్‌ను పక్కనుంచి తడితే రహస్య లెవల్ సెలెక్ట్ తెర వచ్చేది. ఇది చీట్ కోడ్ కాదు. ఆట కూలిపోతే ఆ లోపాన్ని పట్టుకుని, ఆడేవాళ్లను ఆ తెరకు పంపేలా ప్రోగ్రామర్లు ముందే రాసిపెట్టారు. తట్టినప్పుడు కాంటాక్ట్ ఒక్క క్షణం వదులై ఆట నిజంగానే కూలిపోయేది.

1985లో అమెరికాలో వచ్చిన ఎన్‌ఈఎస్ (నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్) కన్సోల్‌ది మరో తీరు. పవర్ లైట్ సెకనుకోసారి ఆరి వెలుగుతూ తెర మినుకుమినుకుమంటుంటే ప్రాసెసర్ పాడైందని కంగారుపడకండి. ఆ కన్సోల్‌లో ఒక తాళం చిప్, కార్ట్రిడ్జ్‌లో దాని జోడీ ఉంటాయి. రెండూ మాట్లాడుకోలేకపోతే కన్సోల్ చిప్ పదే పదే రీసెట్ చేస్తూ ఉంటుంది. అంటే అది కాంటాక్ట్ సమస్యే. కార్ట్రిడ్జ్ తుడిచినా తగ్గకపోతే కన్సోల్ లోపలి 72 పిన్నుల కనెక్టర్‌ను శుభ్రం చేయాలి, వదులైపోతే మార్చాలి.

సూపర్ నింటెండోలో ఇంకో చిక్కుముడి ఉంది. చాలా గేములు స్లాట్ మధ్య భాగంలోని పిన్నులనే వాడతాయి. సూపర్ ఎఫ్ఎక్స్ లాంటి అదనపు చిప్‌లు ఉన్న గేములు రెండు చివర్లలోని పిన్నులు కూడా వాడతాయి. అందుకే అన్ని గేములూ నడుస్తూ, ఆ చిప్ ఉన్న స్టార్ ఫాక్స్ ఒక్కటే మొండికేస్తే, గేమ్ పాడైందని తీర్మానించేముందు స్లాట్ రెండు అంచులనూ తుడిచి చూడండి. ఏళ్ల తరబడి ఏ కార్ట్రిడ్జూ రాపిడి పెట్టని ఆ మూలల్లో మురికి పేరుకుపోతుంది.

నోటితో ఊదడం మానేయండి. ఊదితే పనిచేసినట్టు అనిపించడానికి కారణం, మీరు కార్ట్రిడ్జ్ తీసి మళ్లీ పెట్టడమే. తీసి పెట్టినప్పుడు రాపిడికి కాంటాక్టుల మీద పొర కొంచెం తొలగుతుంది. ఊపిరిలోని తేమ మాత్రం అక్కడే ఉండిపోయి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది.

శుభ్రం చేసే తీరు ఇది. కన్సోల్ ప్లగ్ పీకేయండి. 90 శాతం, కుదిరితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. నీళ్లు ఎక్కువ కలిసినది వద్దు. కాటన్ బడ్‌ను తడి చేసి, కారకుండా పిండి, కాంటాక్టుల పొడవునా పైకీ కిందికీ రుద్దండి. అడ్డంగా రుద్దితే మురికి పిన్నుల మధ్య సందుల్లో చేరుతుంది. బడ్ నల్లగా వస్తుంది. నలుపు రావడం ఆగేవరకూ కొత్త బడ్లు మారుస్తూ రుద్దండి, రెండు వైపులా. చివరగా పొడి బడ్‌తో తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. ఇక్కడ తొందర పనికిరాదు. మొదటి బడ్ నల్లగా వచ్చింది కదా అని అక్కడితో ఆపేస్తే సగం మురికి అక్కడే ఉంటుంది.

అప్పటికీ పోని ఆకుపచ్చ, గోధుమరంగు మచ్చలకు మామూలు పెన్సిల్ రబ్బర్ మెల్లగా వాడవచ్చు, తర్వాత మళ్లీ ఆల్కహాల్‌తో తుడవాలి. ఉప్పుకాగితం జోలికి అసలు పోవద్దు, కాంటాక్టుల మీది బంగారు పూత ఒక్కసారి పోయిందంటే మళ్లీ రాదు. డబ్ల్యూడీ-40 లాంటి నూనె స్ప్రేలు కూడా వద్దు, వాటి జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది.

బయటి నుంచి సరిగ్గా అందకపోతే కార్ట్రిడ్జ్ విప్పాలి. నింటెండో, సెగా కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ (ఆ ప్రత్యేక స్క్రూలకు సరిపోయే స్క్రూడ్రైవర్ మొన) కావాలి, సూపర్ నింటెండో, నింటెండో 64 లాంటి కన్సోళ్లు విప్పడానికి 4.5 మిల్లీమీటర్లది. ప్లాస్టిక్ పెన్ను కరిగించి స్క్రూడ్రైవర్‌లా వాడే పద్ధతి చెబుతుంటారు. గేమ్‌బిట్ దొరికేదే, స్క్రూ తల పాడుచేసుకోకుండా అదే కొనడం మేలు. విప్పాక బోర్డు మీద ఉబ్బిన సెల్ గానీ, పచ్చటి తుప్పు గానీ, చిప్ కాళ్ల దగ్గర సన్నటి పగుళ్లున్న టంకం గానీ ఉందేమో వెలుతురులో చూడండి.

నింటెండో 64 అస్సలు మొదలుకాకపోతే ముందువైపు మూత తీసి లోపల జంపర్ పాక్ గానీ, అదనపు మెమరీ ఇచ్చే ఎక్స్‌పాన్షన్ పాక్ గానీ ఉందా చూడండి. రెండింటిలో ఏదో ఒకటి లేనిదే ఆ కన్సోల్ లేవదు. వదులుగా కూర్చున్నా ఆటలు మధ్యలో ఆగిపోతాయి. డాంకీ కాంగ్ 64, మజోరాస్ మాస్క్ లాంటి గేములకు ఎక్స్‌పాన్షన్ పాకే ఉండాలి.

నాలుగో మెట్టు: సెల్

సెల్ అయిపోతే సాధారణంగా సేవ్ నిలవదు, అంతే. ఆట కూలిపోవడానికి అది నేరుగా కారణం కావడం తక్కువ. కానీ వోల్టేజ్ పడిపోతున్న దశలో సేవ్ చిప్‌లో చెత్త అంకెలు చేరి, ఆ సేవ్ తెరవగానే గేమ్ ఆగిపోవడం జరగవచ్చు. కొత్త గేమ్ మొదలుపెడితే బాగానే ఉండి, పాత సేవ్ తెరిస్తేనే ఆగితే ఇదే అనుమానించండి.

పోకేమాన్ రూబీ, సఫైర్‌లలో లోపలి బ్యాటరీ అయిపోయిందని సందేశం వస్తే భయపడక్కర్లేదు. ఆ గేముల్లో సేవ్ సెల్ లేకున్నా నిలిచే ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, సెల్ గడియారానికి మాత్రమే. ఆట నడుస్తుంది, కాలంతో ముడిపడిన సంఘటనలు ఆగిపోతాయి.

సెల్ మార్చేటప్పుడు లోహపు పట్టీలు ముందే అతికించి అమ్మే సెల్ తీసుకోండి. మామూలు సెల్ మీద నేరుగా టంకం పెడితే వేడికి అది చిట్లవచ్చు, పేలవచ్చు.

ఐదో మెట్టు: డిస్క్, లేజర్

డిస్క్‌ను దీపం కింద వాలుగా పట్టి చూడండి. వేలిముద్రలు, సన్న గీతలు చాలావరకు ఇబ్బంది పెట్టవు. చుట్టూ వలయంగా పడిన గీత మాత్రం ప్రమాదం. డిస్క్ మీద సమాచారం సర్పిలంగా ఉంటుంది. నడిమి నుంచి అంచుకు పోయే గీత ఒక్కో చుట్టులో కాస్తంత చెరుపుతుంది, ఆ లోటును సరిదిద్దే ఏర్పాటు డిస్క్‌లోనే ఉంది. వలయపు గీత అయితే వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది. అందుకే తుడిచేటప్పుడు కూడా మెత్తటి బట్టతో నడిమి నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు.

ఇక్కడ చాలామంది పొరబడేది లేబుల్ వైపు విషయంలో. సీడీలో సమాచారపు పొర లేబుల్‌కు ఆనుకుని ఉంటుంది, పైన సన్నటి లక్క పూత తప్ప రక్షణ లేదు. లేబుల్ వైపు పడిన గీత ఆ పొరను చీల్చిందంటే ఆ గేమ్‌కు మరమ్మతు లేదు. డిస్క్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూది రంధ్రాల్లా చుక్కలు కనబడతాయి. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల నడుమ, 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. కాబట్టి సీడీ, డీవీడీల కిందివైపు గీతలను పాలిషింగ్ యంత్రంతో తీయించవచ్చు. బ్లూరేలో పొర కిందివైపు నుంచి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది, పైన గట్టి పూత ఉంటుంది. ప్లేస్టేషన్ 3 డిస్క్‌లను ఆ యంత్రంలో పెట్టకండి, అసలుకే మోసం వస్తుంది. టూత్‌పేస్ట్ చిట్కా నేను ఎవరికీ చెప్పను. ఒక గీత తీసి వంద కొత్త గీతలు పెడుతుంది.

డిస్క్ శుభ్రంగా ఉండి, చాలా గేములు ఆగుతుంటే లోపం లేజర్‌ది. ప్లేస్టేషన్ 2లో నీలం అడుగున్న గేములు సీడీలు, వెండిరంగువి డీవీడీలు. సీడీకి 780 నానోమీటర్ల కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల కాంతి కావాలి. నీలం డిస్క్‌లు చదవక వెండివి చదువుతుంటే, లేదా దానికి తలకిందులుగా ఉంటే, డిస్క్‌ల మీద సమయం వృథా చేయకుండా లేజర్ వైపు రండి. ముందు కటకాన్ని ఆల్కహాల్ తడి బడ్‌తో అతి తేలికగా తుడవండి. నొక్కకండి, అది సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది. లేజర్ పక్కన ఉండే చిన్న స్క్రూ తిప్పి కాంతిని పెంచే పద్ధతి కొందరు చెబుతారు. దానివల్ల నాలుగు రోజులు నడిచి లేజర్ త్వరగా చచ్చిపోతుంది. అంతకంటే కొత్త లేజర్ వేయించడమే మంచిది.

మొదటి ప్లేస్టేషన్ తొలి మోడళ్లలో వీడియోలు తడబడడం, పాటలు తెగడం బాగా తెలిసిన జబ్బు. లేజర్ జారే ప్లాస్టిక్ పట్టాలు అరిగి కటకం వాలిపోయేది. కన్సోల్‌ను తలకిందులుగా పెట్టి ఆడే అలవాటు అక్కడి నుంచే వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360లో డిస్క్ తిరుగుతుండగా కన్సోల్‌ను కదపకండి, వలయపు గీత ఖాయం. 2008 నవంబర్ అప్‌డేట్ నుంచి గేమ్‌ను హార్డ్ డిస్క్‌లోకి ఇన్‌స్టాల్ చేసుకునే వీలుంది, డిస్క్ ట్రేలో ఉండాలి గానీ చదువంతా హార్డ్ డిస్క్ నుంచే. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయిందంటే డిస్క్ గానీ డ్రైవ్ గానీ చెడిందని తేలిపోతుంది. పూర్తయ్యి ఆట బాగుపడిందంటే డ్రైవ్‌కు విశ్రాంతి దొరికింది.

ఆరో మెట్టు: కరెంటు

పాత కన్సోల్ సరిగ్గా నడవాలంటే సరైన వోల్టేజ్ నిలకడగా అందాలి. పిన్ను సరిపోయినంత మాత్రాన అడాప్టర్ సరిపోయినట్టు కాదు. ఎన్‌ఈఎస్ అసలు అడాప్టర్ 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. ఎన్‌ఈఎస్‌కు జపాన్ రూపమైన ఫామికామ్‌కూ, మొదటి మెగా డ్రైవ్‌కూ కావాల్సింది డీసీ, అదీ నడిమి పిన్ను నెగటివ్‌గా. ఎన్‌ఈఎస్ అడాప్టర్‌ను వాటికి తగిలిస్తే కన్సోల్ కాలిపోవచ్చు. అడాప్టర్ మీద ఏసీనా డీసీనా, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ధ్రువం ఎటు అన్న నాలుగూ చదివి, కన్సోల్ వెనక రాసినదానితో పోల్చండి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువుంటే భారీ సన్నివేశాల్లో వోల్టేజ్ కుంగి ఆట రీసెట్ అవుతుంది.

సెగా డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆడుతుండగా హఠాత్తుగా మెనూకు వచ్చేస్తుంటే, గేమ్ డిస్క్‌ను తిట్టేముందు పవర్ సప్లై బోర్డును చూడండి. అది కింది బోర్డులోని నిలువు పిన్నుల మీద కూర్చుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పిన్నుల మీద పొర పేరుకుని కరెంటు తడబడుతుంది. పవర్ బోర్డు తీసి, పిన్నులను ఆల్కహాల్‌తో తుడిచి, పట్టు బిగిసేలా ఒక్కో పిన్నును అతి కొద్దిగా వంచి మళ్లీ కూర్చోబెడితే చాలా కన్సోళ్లు కుదుటపడతాయి. ఒక్క జాగ్రత్త: ఆ బోర్డు మీద ఇంటి మెయిన్స్ కరెంటు ఉంటుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్‌లో చార్జ్ మిగులుతుంది. పీకి కొంతసేపు ఆగండి, కెపాసిటర్ కాళ్లు ముట్టుకోకండి.

కెపాసిటర్లు ముసలివైతే పైన ఉబ్బుతాయి లేదా అడుగున ద్రవం కారుతుంది. సెగా గేమ్ గేర్‌లో ఇది దాదాపు ప్రతి యంత్రానికీ వచ్చే జబ్బు. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారం కోసం పెట్టిన కెపాసిటర్ కారి బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది, చివరి మోడల్ 1.6 ఒక్కటే దీన్నుంచి చాలావరకు తప్పించుకుంది. మీ దగ్గర పాతది ఉంటే ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకపోయినా విప్పించి ఆ ఒక్కటి తీయించేయండి. ఇది ఆలస్యం చేయదగ్గ పని కాదు.

ఏడో మెట్టు: వేడి

మొదటి మెట్టులో వేడి అని తేలితే ముందు చుట్టూ గాలి ఆడేలా పెట్టండి, మూసిన అలమరలో వద్దు. గాలి ద్వారాల్లో దుమ్ము తీయండి. గాలి స్ప్రే కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అది అదుపు తప్పి తిరిగి బేరింగ్ పాడవుతుంది. అప్పటికీ తగ్గకపోతే చిప్‌కూ హీట్‌సింక్‌కూ (వేడిని లాగే లోహపు దిమ్మ) మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, దాన్ని మార్చాలి. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లలో ఇది తప్పనిసరి సేవ లాంటిదే.

ఎక్స్‌బాక్స్ 360లో మూడు ఎర్ర లైట్లు వెలిగే స్థితికి చేరితే అది వేరే దశ. ఆ లోపం ఎంత విస్తారంగా ఉండేదంటే 2007 జులైలో మైక్రోసాఫ్ట్ దానికి వారంటీని మూడేళ్లకు పొడిగించి, వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. బోర్డును ఓవెన్‌లో పెట్టడం, టవల్ చుట్టి వేడిచేయడం లాంటివి చేయకండి. కొద్ది రోజులు బతికినట్టు కనబడి మళ్లీ పోతుంది, ఈలోగా మిగతా భాగాలు దెబ్బతింటాయి.

ఎనిమిదో మెట్టు: హార్డ్ డిస్క్ ఉన్న కన్సోళ్లు

ఈ తరం గేముల్లో గేమ్ డిస్క్, అప్‌డేట్, హార్డ్ డిస్క్‌లోని సమాచారం, సేవ్ నాలుగూ కలిసి నడుస్తాయి. వాటిలో ఒకటి తేడాగా ఉన్నా ఆట ఆగుతుంది.

ఎక్స్‌బాక్స్ 360లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సిస్టమ్, స్టోరేజ్ తెరిచి, డ్రైవ్ మీద నిలబడి వై బటన్ నొక్కితే సిస్టమ్ క్యాష్ (తాత్కాలికంగా దాచిన సమాచారం) చెరిపే ఎంపిక వస్తుంది. సేవ్‌లు పోవు, గేమ్ అప్‌డేట్లు మాత్రం పోతాయి, నెట్ తగిలించి మళ్లీ దించుకోవాలి. అప్‌డేట్ సగంలో దిగి ఆట మొదట్లోనే ఆగుతున్నప్పుడు ఈ పని బాగా అక్కరకొస్తుంది.

ప్లేస్టేషన్ 3కి సేఫ్ మోడ్ ఉంది. కన్సోల్ ఆపి, పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. అది వెలిగి, తర్వాత తనే ఆరిపోయేవరకూ వదలకండి. మళ్లీ నొక్కి పట్టుకుంటే కాసేపటికి వెంటవెంటనే రెండు బీప్‌లు వినిపిస్తాయి, అప్పుడు వదిలేయండి. కంట్రోలర్‌ను కేబుల్‌తో తగిలించాలి. మెనూలో ముందు రిస్టోర్ ఫైల్ సిస్టమ్, తర్వాత రీబిల్డ్ డేటాబేస్ చేయండి. రెండోది సందేశాలు, ప్లేలిస్ట్‌ల లాంటివి తుడిచేస్తుంది, సేవ్‌లను ఉంచుతుంది. వాటి కిందే రిస్టోర్ పీఎస్3 సిస్టమ్ అని మరో ఎంపిక ఉంది. పేరు దగ్గరగా ఉంది కదా అని అది నొక్కారంటే హార్డ్ డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

సేవ్ పెరిగేకొద్దీ ఆట కుంటుపడే జబ్బు ఈ తరంలోనే గట్టిగా బయటపడింది. 2011లో వచ్చిన స్కైరిమ్ ప్లేస్టేషన్ 3లో గంటలు గడిచేకొద్దీ నత్తనడక నడిచి ఆగిపోయేది. ఆటగాడు తిరిగిన గదులు, కదిపిన వస్తువులు, పడిన శవాలు అన్నీ సేవ్‌లో చేరుతూ పోతాయి. ప్లేస్టేషన్ 3లో ప్రాసెసర్‌కు 256, గ్రాఫిక్స్‌కు 256 మెగాబైట్లుగా మెమరీ విడగొట్టి ఉంటుంది, ఎక్స్‌బాక్స్ 360లో 512 మొత్తం ఉమ్మడిగా ఉంటుంది. ఒక వైపు నిండితే ఇంకో వైపు నుంచి అరువు తెచ్చుకోవడం అంత తేలిక కాదు. ఇలాంటి పెద్ద ప్రపంచపు ఆటలు ఆగుతుంటే ఆటో సేవ్ ఆపేసి చేత్తోనే, ఎక్కడా గొడవ లేని గది లోపల నిలబడి సేవ్ చేయండి. రెండు గంటలకోసారి ఆట నుంచి పూర్తిగా బయటికొచ్చి మళ్లీ తెరవండి. సేవ్ సైజు ఎంత ఉందో అప్పుడప్పుడు చూసుకోండి. మొదటి గంటలోని సేవ్ సాఫీగా నడిచి, యాభయ్యో గంటలోనిది ఆగుతుంటే కన్సోల్‌లో తప్పేమీ లేదు.

గడియారం వల్ల కూడా ఆటలు ఆగిన రోజుంది. 2010 మార్చి 1న పాత, లావు ప్లేస్టేషన్ 3లు ఆ ఏడాదిని లీపు సంవత్సరంగా లెక్కేసుకుని, 8001050ఎఫ్ అన్న లోపం చూపించి కొన్ని గేములను నడవనివ్వలేదు. ఒక రోజు గడిచాక సర్దుకుంది. పాత కన్సోల్ అటకమీద నుంచి దించినప్పుడు తేదీ సరిచూసుకోవడం ఒక నిమిషం పని.

తొమ్మిదో మెట్టు: తప్పు గేమ్‌దే అయితే

డిస్క్ బాగుంది, ఇంకో కన్సోల్‌లోనూ అదే చోట ఆగుతోంది, అంటే ఇక ఆ గేమ్‌లోనే బగ్ ఉందేమో చూడాలి. 2010 నాటి మెట్రాయిడ్ అదర్ ఎమ్‌లో ఒక చోట వెనక్కి వెళ్లి వస్తే తలుపు ఇక తెరుచుకోదు. 2011 నాటి స్కైవార్డ్ స్వోర్డ్‌లో ఒక దశలో పనులు ఒక ప్రత్యేక వరసలో చేస్తే కథ ముందుకు సాగదు. దాన్ని సరిచేయడానికి నింటెండో తన వీ (Wii) కన్సోల్ కోసం సేవ్ సరిదిద్దే ఛానల్‌నే (మెనూలో దించుకునే చిన్న ప్రోగ్రామ్) విడుదల చేసింది. పోకేమాన్ రెడ్, బ్లూలలో మిస్సింగ్‌నో అనే బగ్ పోకేమాన్ ఎదురైతే హాల్ ఆఫ్ ఫేమ్ సమాచారం చెడుతుంది.

ఇలాంటివాటికి మందు మరమ్మతు కాదు, దారి మార్చడం. ఆగే చోటుకు ముందరి సేవ్ తీసుకుని వేరే వరసలో ఆడండి. వీడియో దగ్గర ఆగితే బటన్ నొక్కి దాటించండి. గేమ్ తర్వాతి ముద్రణల్లో బగ్‌లు సరిచేసినవి ఉంటాయి, డిస్క్ మీదా పెట్టె మీదా ఉండే కోడ్ సంఖ్యలు పోల్చితే మీది ఏ ముద్రణో తెలుస్తుంది.

పదో మెట్టు: ఎమ్యులేటర్‌లో ఆడుతుంటే

ఎమ్యులేటర్ అంటే పాత కన్సోల్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్. అందులో ఆడేది మీ సొంత గేమ్ నుంచి తీసుకున్న కాపీయే అయినా, కాపీ చేసేటప్పుడు ఒక్క బైట్ తేడా వస్తే చాలు. ఫైల్‌కు వేలిముద్ర లాంటి సీఆర్‌సీ32 లేదా షా-1 సంఖ్య లెక్కించి, సరైన కాపీల సంఖ్యలు ఉండే జాబితాలతో (కార్ట్రిడ్జ్‌లకు నో-ఇంట్రో, డిస్క్‌లకు రీడంప్) పోల్చండి. సూపర్ నింటెండో ఫైళ్లలో కొన్నిటికి మొదట్లో 512 బైట్ల అదనపు శీర్షిక ఉంటుంది, అది ఉంటే సంఖ్య కలవదు గానీ గేమ్ తప్పు కాకపోవచ్చు.

ప్లేస్టేషన్ 1 యూరప్ గేముల్లో కొన్నిటికి లిబ్‌క్రిప్ట్ అనే కాపీ రక్షణ ఉంది. దానికి కావాల్సిన ఎస్‌బీఐ ఫైల్ పక్కన లేకపోతే ఆట మొదలై, కొంత దూరం నడిచి, మధ్యలో ఆగిపోతుంది. చూడ్డానికి అచ్చం గీసుకుపోయిన డిస్క్ లక్షణమే. ఇది తెలియక ఎందరో ఎమ్యులేటర్ సెట్టింగ్స్ అన్నీ తిరగేస్తుంటారు.

స్పీడ్ హాక్‌లు, ఓవర్‌క్లాక్, వైడ్‌స్క్రీన్ ప్యాచ్‌ల లాంటి, వేగాన్నీ బొమ్మనూ మార్చే అదనపు ఎంపికలన్నీ ఆపి, మామూలు సెట్టింగ్స్‌తో పరీక్షించండి. బాగుంటే ఒక్కొక్కటి తిరిగి వేస్తూ రండి. సేవ్ స్టేట్‌లను మాత్రం నమ్ముకోకండి. అవి ఆ క్షణపు మెమరీ చిత్రం, ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వస్తే పాతవి తెరుచుకోకపోవచ్చు. పైగా చెడిన స్థితిని కూడా యథాతథంగా దాచిపెడతాయి, ఎన్నిసార్లు తెరిచినా అదే చోట కూలిపోతుంది. గేమ్ లోపలి సేవ్ వాడి, ఎమ్యులేటర్ మూసి, మళ్లీ మొదలుపెట్టి అక్కడి నుంచి ఆడండి.

బాగైందని ఎప్పుడు అనుకోవాలి

గేమ్ మొదలైంది కదా అని పెట్టె మూసేయకండి. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీయండి. ఒకే చోట ఆగిన గేమ్ అయితే ఆ చోటుకే వెళ్లి కనీసం మూడుసార్లు దాటండి. వేళాపాళా లేకుండా ఆగినదైతే, మునుపు ఎంతసేపటికి ఆగిందో దానికి రెట్టింపు సేపు ఆడండి. కార్ట్రిడ్జ్ గేమ్‌లో సేవ్ చేసి, ఒక రాత్రి ఆపి ఉంచి, పొద్దున్న తెరిచి చూడండి.

అప్పటికీ లొంగకపోతే, టంకం పని గానీ పవర్ సప్లై పని గానీ మీకు అలవాటు లేకపోతే మెకానిక్‌కు ఇవ్వడమే సరైన పని. ఇచ్చేటప్పుడు గేమ్ ఆగిపోతోందని చెప్పి ఊరుకోకుండా ఆ కాగితం కూడా చేతిలో పెట్టండి: ఎంతసేపటికి, ఏ చోట, ఏయే గేముల్లో, ఏం మార్చి చూశారు, దేనివల్ల తేడా కనబడలేదు. సేవ్‌లు ఉన్న మెమరీ కార్డ్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.